గాలం ఒకరిది... గురి ఇంకొకరిది!

మృగశిర కార్తె వచ్చిందంటే మన జహీరాబాద్‌లో చేపల బుట్టల దగ్గర ఎంత సందడో! కొర్రమట్ట ఉందా, రవ్వ కిలో ఎంత అంటూ బేరమాడతాం. ఆ చేప ఏ మడుగులో, ఎంత లోతులో దొరుకుతుందో తెలిసిన మనిషి గురించి మాత్రం అడగం. ఈ వారం అలాంటి వాళ్లని ఒకసారి తలుచుకుందాం.

కర్ణాటకలో కావేరి ఒడ్డున, బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో గాలిబోర్ ఉంది. అక్కడి నీళ్లలో ఉండే మహశీర్ చేపంటే గాలం సరదా ఉన్నవాళ్లకు ప్రాణం. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కావేరి ఉపనది కబినిలో పట్టిన మహశీర్ 120 పౌండ్లు తూగింది. అంటే సుమారు 54 కిలోలు! ఆ రికార్డు గురించి చెప్పే ప్రతి చోటా ఆయన పేరే వినిపిస్తుంది. మరి చేపల జాడ చూపే స్థానికుల సంగతి?

ఇలాంటి దారి చూపేవాళ్లని అక్కడ ‘గిల్లీ’ అంటారు. మన చిర్రగోనె ఆటలో గిల్లీ కాదు లెండి. స్కాట్లండ్ నుంచి వచ్చిన మాట. కుర్రాడు, పనివాడు అని అర్థం. కానీ చేసే పని చూస్తే గురువనాలి. రాగిపిండి ఉడికించి ముద్దలు చేసి ఎరగా గుచ్చాలి. రాళ్ల మధ్య సుడులు తప్పించుకుంటూ పుట్టి నడపాలి. నీటి రంగు, వేగం చూసి గాలం ఎక్కడ వేయాలో చెప్పాలి. చేప తగిలి లాక్కుపోతుంటే వెంట వెళ్లాలి. మొసళ్లుండే నదిలో నడుం లోతుకి దిగి, కొక్కెం తీసి, చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తేరుకున్నాక వదిలేయాలి. ఫొటోలో నవ్వేది అతిథి. చేపను మోసేది ఈయన!

వీళ్లలో కొందరు ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లే. నదిలో మందు పేలిస్తే పెద్ద చేపతో పాటు పిల్లలూ తేలిపోతాయి. తప్పని తెలియక కాదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, పిల్లలు బడికెళ్లాలి. గాలం శిబిరాలు వచ్చాక లెక్క మారింది. చేపను చంపితే ఒక్క రోజు కూలి. బతికించి వదిలితే మళ్లీ మళ్లీ కూలి. సంసారం కోసం నదిని కొల్లగొట్టిన చేతులే, అదే సంసారం కోసం నదికి కాపలా కాశాయి.

శిబిరంలో దొరికిన చేపల వివరాలు పుస్తకంలో రాసేవాళ్లు. 1998 నుంచి 2012 వరకు రాసిన ఆ లెక్కలే తర్వాత శాస్త్రవేత్తలకు పనికొచ్చాయి. బయటి నుంచి తెచ్చి వదిలిన మరో జాతి మహశీర్ పెరిగిపోయి, కావేరికే సొంతమైన మూపురం మహశీర్ తగ్గిపోతోందని వాటితోనే బయటపడింది. ఆ చేప శాస్త్రీయ నామం ఏమిటో 2018లో గానీ తేలలేదు. అదే ఏడాది అది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది.

అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే కదా అన్న వాదనతో 2012 నాటికి ఆ శిబిరాల్లో గాలాలు ఆగిపోయాయి. చేపను ఆట కోసం నొప్పించకూడదన్న మాటలో న్యాయం ఉంది. అయితే దాన్ని బతికిస్తూ ఇల్లు గడుపుకున్న మనిషి సంగతేమిటన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది. చట్టం చేపను చూసింది. దాని పక్కనున్న కుటుంబాన్ని కూడా చూడాల్సింది.

ఇదంతా ఎక్కడో కావేరి కథ అనుకోకండి. మనకు మంజీర ఉంది, సింగూరు ఉంది. ఏ మడుగులో మొసలి ఎండకు పడుకుంటుందో, ఏ గాలికి చేప పైకొస్తుందో చెప్పగల పెద్దలు ఒడ్డునున్న ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. ఈసారి చేపలు కొన్నప్పుడు ధరతో పాటు ఇంకో మాట కూడా అడగండి. ‘ఏ నీళ్లది తాతా ఈ చేప? ఎట్ల దొరికింది?’ పిల్లల్ని పక్కన నిలబెట్టి మరీ అడగండి. ఆయన చెప్పేది కాగితం మీద పెట్టమనండి.

చేప తిన్న రుచి ఒక పూటే. ఆ మాట మాత్రం ఇంకో తరానికి మిగులుతుంది.