పరగడుపున నడిచేవాళ్లు

తెల్లవారుజామున హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ ఆర్కే బీచ్ వెంట నడిచేవారిలో చాలామంది ఏమీ తినకుండానే ఇల్లు కదులుతారు. కొందరు కాఫీ మాత్రం తాగుతారు. కొందరు గోరువెచ్చటి నీళ్లలో నిమ్మకాయ పిండుకుంటారు. తినకుండా ఎందుకు వస్తున్నారని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: పరగడుపున నడిస్తే కొవ్వు కరుగుతుందట.

ఆ మాట సగం నిజం. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి పడుకున్న మనిషికి తెల్లారేసరికి కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో ఉండే చక్కెర నిల్వ బాగా తరిగిపోయి ఉంటుంది. కండరాల్లోని నిల్వ మాత్రం పెద్దగా తగ్గదు, నిద్రలో వాటికి పని లేదు కనుక. ఆ వేళ రక్తంలో ఇన్సులిన్ కూడా తక్కువగా ఉంటుంది. అందువల్ల నడక మొదలుపెట్టగానే ఒళ్లు కొవ్వునే ఎక్కువగా వాడుకుంటుంది. టిఫిన్ తిని నడిచినవారితో పోలిస్తే తినకుండా నడిచినవారికి ఆ గంటలో ఖర్చయ్యే కొవ్వు ఎక్కువని ప్రయోగాల్లో పదేపదే తేలింది.

అయితే ఆ గంటతో రోజు అయిపోదు. 2014లో అమెరికాలో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 20 మంది యువతులతో ఒక ప్రయోగం చేసింది. అందరికీ కొలిచినట్టు తక్కువ కేలరీల ఆహారం, నాలుగు వారాల పాటు వారానికి మూడు రోజులు గంటసేపు వ్యాయామం. సగం మంది తిని చేశారు, సగం మంది తినకుండా చేశారు. చివరికి చూస్తే రెండు జట్లూ బరువు తగ్గాయి, కొవ్వు తగ్గడంలో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉదయం కొవ్వు ఎక్కువ వాడిన శరీరం మిగతా రోజులో దాన్ని తక్కువ వాడి లెక్క సరిచేసుకుంటుంది. పైగా 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. తిరుగుదారిలో టిఫిన్ బండి దగ్గర తినే ఒక్క మసాలా దోసెలో అంతకు రెట్టింపు ఉంటుంది.

బరువు సంగతి పక్కన పెడితే పరగడుపు వ్యాయామానికి మరో మేలు ఉంది. దాని గురించి జనం అంతగా చెప్పుకోరు. 2019లో బ్రిటన్‌లోని బాత్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అధిక బరువున్న 30 మంది పురుషులను ఆరు వారాలు పరిశీలించారు. టిఫిన్‌కు ముందు సైకిలు తొక్కినవారు వ్యాయామం చేసేటప్పుడు దాదాపు రెట్టింపు కొవ్వు వాడుకున్నారు. బరువు తగ్గడంలో తేడా రాలేదు కానీ వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. చిన్న ప్రయోగమే అయినా, షుగర్ వ్యాధి ఇంత పెరిగిన దేశంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తినకుండా గంటసేపు నడిస్తే భయపడాల్సింది ఏమీ లేదు. కోడి కూతకు లేచి నాగలి కట్టి, పొద్దెక్కాక ఇంటి నుంచి వచ్చిన చద్దన్నం తిన్న రైతుల తరాలు మన వెనక ఉన్నాయి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో లక్షల మంది పొద్దున్నే ఆసనాలు వేశారు. యోగా దినోత్సవం కోసం కేంద్ర ఆయుష్ శాఖ రూపొందించిన నియమావళి ఖాళీ కడుపుతో గానీ, కొద్దిపాటి ఆహారంతో గానీ సాధన చేయమంటుంది. నీరసంగా అనిపిస్తే గోరువెచ్చటి నీళ్లలో కాస్త తేనె కలుపుకుని తాగమని కూడా అందులోనే ఉంది. మనవాళ్లు మొదటి వాక్యం గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మరిచిపోతున్నారు.

ఆ రెండో వాక్యం ఎంత అవసరమో 2024లో జార్ఖండ్‌లో తెలిసింది. అక్కడి ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆ పరీక్షల్లో పది మందికి పైగా యువకులు చనిపోయారు. ఎండ, ఉక్కపోత, పరుగు దూరం అన్నీ చర్చకు వచ్చాయి. తప్పంతా ఖాళీ కడుపుదే అనడానికి లేదు. కానీ ఆ తర్వాత ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాల్లో ఉదయం తొమ్మిది దాటాక పరుగు పెట్టకూడదన్నదీ, అభ్యర్థులు ఖాళీ కడుపుతో పరుగెత్తకుండా అల్పాహారమో పండ్లో ఇవ్వాలన్నదీ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్ పరీక్షకు పురుషులు 1600 మీటర్లు పరుగెత్తాలి. కండరాల్లో ఉండే నిల్వ ఆ దూరానికి చాలు. ముప్పంతా వేరే చోట ఉంది. రాత్రంతా బస్సులో వచ్చి, తింటే పరుగెత్తలేమన్న భయంతో రాత్రి భోజనం కూడా మానేసి, నీళ్లు సైతం తాగకుండా మైదానంలో దిగే పిల్లలు ప్రమాదంలో పడతారు. పరుగుకు గంట ముందు ఒక అరటిపండు, సరిపడా నీళ్లు అందించడం నియామక మండళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

అందరికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు. రోజూ నడవమని డాక్టర్లు గట్టిగా చెప్పేది కూడా వాళ్లకే. ఐసీఎంఆర్ సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. వీరిలో చాలామందికి మెట్‌ఫార్మిన్ తెలుసు. అదొక్కటే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వేరు. కడుపులో తిండి ఉన్నా లేకున్నా అవి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మన దగ్గర గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన మాత్రలు విరివిగా రాస్తారు. అందుకే తాము ఏ మందు మింగుతున్నారో చాలామందికి తెలియదు. టిఫిన్‌తో పాటు వేసుకోవలసిన మాత్రను, పని అయిపోతుందని లేవగానే వేసుకుని నడకకు బయల్దేరేవాళ్లు ఉన్నారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఇదే ముప్పు.

దీనికి తోడు ఒక్కపొద్దులు. శనివారం రాత్రి అన్నం మాని కొద్దిగా పలహారం తిని, సెలవు కదా అని ఆదివారం ఉదయం రోజూకంటే రెండు రౌండ్లు ఎక్కువ నడిచేవాళ్లు ప్రతి కాలనీలో కనిపిస్తారు.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కిందకి దిగితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. నడిచేవాడికి చెమట పట్టడం, గుండె వేగంగా కొట్టుకోవడం మామూలే కాబట్టి పక్కవాళ్లు కనిపెట్టలేరు. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు దడను, వణుకును తెలియనివ్వవు. చక్కెర పడిపోయినప్పుడు చేయవలసిన పని చిన్నదే: వెంటనే కూర్చుని మూడు చెంచాల చక్కెర తినడం, పావుగంట ఆగి చక్కెర పెరిగిందో లేదో మళ్లీ చూసుకోవడం. ఇందుకు బిస్కెట్టు, చాక్లెట్టు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

షుగర్ ఉన్నవాళ్లు నడక మానకండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లి ఒక్కటి అడగండి: వీటిలో ఏదైనా వేసుకుని తినకుండా నడవవచ్చా? జవాబు దొరికేదాకా నడిచొచ్చి టిఫిన్‌తో పాటే మాత్ర వేసుకోండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ ఉదయం చక్కెర 90 లోపు ఉంటే ఏదైనా తినే బయల్దేరండి. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. పక్కన నడిచే స్నేహితుడికి మీకు షుగర్ ఉందనీ, ఆ పొట్లం ఫలానా జేబులో ఉందనీ చెప్పి ఉంచండి.