మాస్ట్ కణంపై మోపిన నింద

దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం, నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చే ఎనాఫిలాక్సిస్ అనే తీవ్ర ప్రతిచర్య, వీటికి మూలకారణంగానే మాస్ట్ కణం పాఠ్యపుస్తకాల్లో విద్యార్థికి పరిచయమవుతుంది. ఒకప్పుడు పేగుల్లోని పురుగులను తరిమేందుకు పనికివచ్చిన ఈ కణానికి నేటి మనిషి శరీరంలో అలర్జీ పుట్టించడం తప్ప చెప్పుకోదగ్గ పని లేదన్న అభిప్రాయం చదువుకున్నవారిలో సైతం పాతుకుపోయింది. ఆ అభిప్రాయం తప్పు. కాండిడా, ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాలను, అంటే ఈస్ట్, బూజు జాతుల సూక్ష్మజీవులను, ఈ కణం ఎదుర్కొనే తీరు పరిశీలిస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

ఈ అపోహకు చారిత్రక కారణం ఉంది. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ కణాలను వర్ణించిన దాదాపు తొంభై ఏళ్లకు ఇమ్యునోగ్లోబులిన్-ఇ అనే ప్రతిరక్షకం బయటపడింది. మాస్ట్ కణాన్ని అంటిపెట్టుకుని ఉండే ఈ ప్రతిరక్షకానికి పుప్పొడి వంటిది తగలగానే కణం హిస్టమిన్‌ను వెలువరిస్తుందని తేలడంతో అలర్జీ గుట్టు వీడింది గాని, కణం చేసే మిగతా పనులు మరుగున పడ్డాయి. అయితే ఇమ్యునోగ్లోబులిన్-ఇ క్షీరదాల్లో మాత్రమే ఉంటుంది. హిస్టమిన్, హెపారిన్ అనే రసాయనాలు నింపుకున్న ఇలాంటి కణాలేమో వెన్నెముక లేని సముద్రజీవులైన ఆసీడియన్లలో కూడా కనిపిస్తాయి. అలర్జీకి కావలసిన ప్రతిరక్షకం కంటే ప్రాచీనమైన కణం అలర్జీ కోసమే ఏర్పడిందనడం తర్కానికి నిలవదు.

మాస్ట్ కణాల స్థానమే వాటి పనిని సూచిస్తుంది. చర్మం, శ్వాసనాళాలు, పేగుల గోడలు, అంటే బయటి ప్రపంచం శరీరాన్ని తాకే చోట్ల, రక్తనాళాలనూ నాడుల కొసలనూ ఆనుకుని ఇవి కాపు కాస్తాయి. ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో అణగి ఉండే కాండిడా ఆల్బికాన్స్ అదుపు తప్పినప్పుడు, దాని కణకవచంలోని బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసును మాస్ట్ కణంపై ఉన్న డెక్టిన్-1 అనే గ్రాహకం పసిగడుతుంది. దీనికి ఇమ్యునోగ్లోబులిన్-ఇ ప్రమేయం అక్కరలేదు. వెంటనే కణం తన కణికలను, అంటే ముందే సిద్ధం చేసి దాచుకున్న రసాయనాల సంచులను, విడుదల చేస్తుంది. ఆ రసాయనాల వల్ల రక్తనాళాలు వ్యాకోచించి, వాటి గోడలు సడలి, శిలీంధ్రాలను మింగే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలకు దారి ఏర్పడుతుంది. కణం స్రవించే ఇంటర్‌ల్యూకిన్-8 వాటిని అటువైపు రప్పిస్తుంది. ప్రయోగశాలలో మానవ మాస్ట్ కణాలను కాండిడాతో కలిపి ఉంచితే కొన్ని గంటల్లోనే శిలీంధ్రంలో కొంత భాగం చచ్చిపోయినట్టు కనబడింది. ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ ముదిరిన తంతువులు కూడా ఇమ్యునోగ్లోబులిన్-ఇ లేకుండానే ఈ కణికల విడుదలను ప్రేరేపిస్తాయి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మాస్ట్ కణాలు లేని ఎలుకలుగా చాలాకాలం వాడినవాటిలో జన్యులోపం ఇతర రక్తకణాలను కూడా దెబ్బతీస్తుంది కనుక, వాటి నుంచి తీసిన నిర్ధారణలు కొన్ని సడలక తప్పలేదు. మానవ కణాలపై నేరుగా చేసిన పరిశీలనలకు మాత్రం ఈ లోపం అంటదు. స్పోరోథ్రిక్స్ అనే శిలీంధ్రం సోకిన ఎలుకల్లో మాస్ట్ కణాలు రోగాన్ని పెంచాయన్నదీ నిజమే. కానీ సొంత కణజాలానికి హాని చేయడం న్యూట్రోఫిల్స్‌కూ ఉన్న గుణమే అయినా, వాటిని రోగకారక కణాలని ఎవరూ నిందించరు. కాపలా కుక్క ఒకసారి చుట్టాన్ని కరిచిందని, దొంగలను ఆపడం దాని పని కాదని ఏ ఇంటివారూ అనుకోరు.

ఈ అపోహ పుస్తకాలకే పరిమితమైతే నష్టం తక్కువే. కానీ దురద అంటే అలర్జీ, అలర్జీ అంటే అణచివేయవలసినది అన్న ఆలోచనతోనే తామర అనే శిలీంధ్ర వ్యాధి సోకినవారు మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన క్రీములు కొని రాసుకుంటున్నారు. స్టెరాయిడ్ చర్మంలోని రక్షణ ప్రతిస్పందనను అణచివేయడం వల్ల ఎరుపు, దురద కొద్ది రోజులు తగ్గి, ఆ చాటున శిలీంధ్రం మరింత విస్తరిస్తుంది. తామర రూపురేఖలే మారిపోయి గుర్తుపట్టడం వైద్యుడికీ కష్టమవుతుంది. దురద తగ్గించే మాత్రలతో ఉపశమనం పొందడంలో తప్పు లేదు. దురదకు కారణమేమిటో తెలుసుకోకుండా రక్షణనే పడగొట్టడం తప్పు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో కాండిడా ఆల్బికాన్స్, ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ రెండూ అత్యంత కీలకమైన వర్గంలోనే చోటు చేసుకున్నాయి. శిలీంధ్రాలపై పనిచేసే మందుల రకాలు కొద్దిగానే ఉండి, వాటికీ లొంగని శిలీంధ్రాలు పెరుగుతున్న ఈ కాలంలో శరీరానికి సహజంగా ఉన్న ఏ రక్షణనూ చిన్నచూపు చూడటం తగదు. వైద్య విద్యలో మాస్ట్ కణాన్ని మొదట కణజాలాల రక్షకకణంగా బోధించి, అలర్జీని ఆ రక్షణ గురితప్పిన సందర్భంగా ఆ తరువాత వివరించడమే శాస్త్రానికీ, రోగికీ న్యాయం చేసే పద్ధతి.