నలుగు పిండిని ఏ చట్టం ఆపింది?



ఈ ఏడు ఉగాది సంచిలో ఇంటికొక స్క్రబ్ ప్యాకెట్ పెట్టాలని పోయిన కమిటీలో తీర్మానించాం. చేయి ఎత్తినవాళ్లలో మేమూ ఉన్నాం. ఇంటికి వచ్చాక ఆ ప్యాకెట్ తిప్పి చదివాం. పెసర పిండి, కస్తూరి పసుపు, వట్టివేరు, గులాబీ రేకులు. పైన తమిళంలో ‘నలంగు మావు’, ఇంగ్లీషులో ‘బాడీ స్క్రబ్’. తమిళుల ఇళ్లలోనూ అది సొంత సరుకే, వాళ్ల పేరు వాళ్లు పెట్టుకున్నారు. తప్పేముంది? మన వంటింటి సరుకును కొనుక్కునే స్థితికి వచ్చింది మనం.

2006లో తమిళ బోధన చట్టం వచ్చింది మొదలు, బడిలో మన భాష పోతోందని అర్జీలు రాస్తున్నాం. రాయవలసిందే. తమిళ మీడియంలో చదివి, ఉద్యోగంలో చేరాక తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నవాళ్లం, ఆ లోటు మాకు తెలియంది కాదు. అయితే నలుగు పిండిని ఏ చట్టం ఆపింది? మన స్నానాల గదిలోకి ఏ అధికారి వచ్చాడు? నలుగు, సున్నిపిండి, తలంటు అనే మాటలు మాకు బడిలో రాలేదు. పొన్మలై రైల్వే క్వార్టర్సులో, దీపావళి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి అమ్మ ఒళ్లు రుద్దుతుంటే వచ్చాయి. పని ఆగిపోతే మాటా ఆగిపోతుంది.

తీరిక లేదంటారా? పని ఎంతో వినండి. పెసలు కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం పావు కిలో. నాటు మందుల అంగడిలో కస్తూరి పసుపు 100 గ్రాములు, వట్టివేళ్లు, కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు ఒక్కోటి 50 గ్రాములు. వేళ్లను కత్తిరించి, కచ్చూరాలు, పసుపు కొమ్ములు నలగగొట్టి, అన్నీ రెండు రోజులు గలగలమనేలా ఎండబెట్టి మిల్లులో ఆడించాలి. మిరపకాయలు ఆడించిన వెంటనే మాత్రం వేయనివ్వకండి! పిండి చల్లారాక తడి లేని డబ్బాలో పోయండి. ఒంటికి గరుకుగా కావాలంటే అలాగే వాడండి. ముఖానికైతే పలుచని గుడ్డలో జల్లించండి.

ఇంట్లో చేసిందంతా మంచిదేనని మేము అనం. కొందరు బావంచాలు కలుపుతారు. అవి రాసుకుని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోవచ్చు, అందుకే మేము వేయం. పుండ్లు, గాట్లు ఉన్నచోట రుద్దకూడదు.

అంగడి సరుకే శుభ్రమన్న మాట కూడా ఒప్పుకోం. ఒళ్లు రుద్దుకునే సరుకుల్లో ప్లాస్టిక్ పూసలు కలుపుతుంటే ఆపడానికి అమెరికా 2015లో చట్టం చేయవలసి వచ్చింది. మన పిండి కాలువలో పడితే మట్టిలో కలుస్తుంది.

కాబట్టి ఆ తీర్మానం మార్చమని అడుగుతున్నాం. ప్యాకెట్లకు అనుకున్న డబ్బుతో సరుకు కొందాం. శని, ఆదివారాల్లో సంఘం మేడ మీద ఎండబెడదాం. అవ్వలు కూర్చుని చెప్పాలి, మనవళ్లూ మనవరాళ్లూ చేయాలి. మనవళ్లూ అని కావాలనే రాశాం. సంచి మీద ‘నలుగు పిండి’ అని తెలుగు లిపిలోనూ తమిళ లిపిలోనూ రాద్దాం. తెలుగు చదవడం రాని ఇళ్లలో కూడా పిల్లలు ఆ మాట పలుకుతారు.

కమిటీ మళ్లీ కూడినప్పుడు మా చేయి దీనికే లేస్తుంది. మీరూ ఎత్తండి.