లాభం వేరు, విలువ వేరు: రైతు ఉత్పత్తిదారుల సంస్థల లెక్కలపై ఒక పరిశీలన

కేంద్ర ప్రభుత్వం 2020లో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటుకు పథకాన్ని ప్రారంభించింది. దీని కింద ఒక్కొక్క సంస్థకు నిర్వహణ ఖర్చుల నిమిత్తం మూడేళ్లలో గరిష్ఠంగా రూ. 18 లక్షలు, సభ్యుల వాటాధనానికి సమానంగా గరిష్ఠంగా రూ. 15 లక్షలు సమకూరుతాయి. ఇట్టి సంస్థల పనితీరును సాధారణంగా లాభనష్టాల ఖాతా ఆధారంగానే అంచనా వేస్తున్నారు. ఈ కొలమానం సరిపోదు.

వ్యవసాయ అర్థశాస్త్ర విద్యార్థులకు ఇందుకు కారణం కొత్తది కాదు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కించే సీ2 ఖర్చులో రైతు చేతినుండి వెచ్చించిన సొమ్ముతోపాటు కుటుంబ శ్రమ విలువ, సొంత భూమికి కౌలు, సొంత మూలధనంపై వడ్డీ కూడా చేరతాయి. సొంతమైనంత మాత్రాన ఏ వనరూ ఉచితం కాదన్నదే అందలి సూత్రం. విలువ ఆధారిత నిర్వహణ సిద్ధాంతం చెప్పేదీ ఇదే: మూలధనపు ఖర్చును కూడా తీసివేసిన తరువాత మిగిలినదే సంస్థ సృష్టించిన విలువ. రైతు పొలానికి వర్తింపజేసే ఈ సూత్రాన్ని రైతుల సంస్థ విషయంలో విస్మరించడం సమంజసం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒక సంస్థ మూలధనం రూ. 20 లక్షలు, ఏడాది లాభం రూ. 1.50 లక్షలు అనుకొందాం. మూలధనంపై 10 శాతం చొప్పున రూ. 2 లక్షలు లెక్కగడితే రూ. 50,000 లోటు తేలుతుంది. అయితే ఆ సంస్థ ఎరువులను బజారు ధరకంటే తక్కువకు అందించి సభ్యులకు రూ. 1.25 లక్షలు ఆదా చేసి ఉంటే, నికరంగా రూ. 75,000 విలువ సృష్టించినట్లే. సభ్యుల పంటను తక్కువ ధరకు కొని లాభం పెంచుకొన్న సంస్థ మాత్రం ఒక జేబులోని సొమ్మును మరొక జేబులోకి మార్చినదే అవుతుంది. లాభనష్టాల ఖాతా ఒక్కటే చూచినవారికి రెండవ సంస్థయే మేలైనదిగా తోస్తుంది.

చిన్న సంస్థలకు ఇన్ని లెక్కలు భారమన్న అభ్యంతరం కొట్టిపారవేయదగినది కాదు. కాని చట్టానికై వ్రాసే ఖాతాలు వేరు, నిర్ణయానికై వేసే లెక్కలు వేరు. నిర్వహణ గణకశాస్త్రం కోరేది సీజనుకు, పంటకు ఒక్క పుట మాత్రమే. అందులో ప్రభుత్వ సహాయాన్ని మినహాయించిన మిగులు, మూలధనపు ఖర్చు, సభ్యులకు ధరలో కలిగిన మేలు అనే మూడు అంశాలు ఉంటే చాలు.

మూడేళ్ల సహాయం ముగిసిన నాడు ఏ సంస్థ నిలుస్తుందో ముందుగా తెలిపేది ఆ పుటయే. విస్తరణ శాస్త్రవేత్తలు సంస్థల శిక్షణలో, విద్యార్థులు తమ పరిశోధనలో దీనికి చోటు కల్పించాలి. లోటు ఉన్నట్లు నాలుగవ ఏట తెలిసేకంటే మొదటి ఏటనే తెలియడం సభ్యుల వాటాధనానికి రక్ష.