వాచ్ స్వింగ్‌ని చూస్తుంది, భుజాన్ని కాదు

గోల్ఫ్ యాప్స్ అంటే నాకు ఇష్టమే. కానీ మీ స్మార్ట్‌వాచ్ ఇచ్చే స్వింగ్ స్కోర్ చూసి భుజం బాగానే ఉందనుకోకండి.

నేను అలాగే అనుకున్నా. డ్రైవింగ్ రేంజ్‌లో మూడు వారాలు టెంపో 3:1 దగ్గరే చూపించింది. అంటే డౌన్‌స్వింగ్‌కి పట్టే టైమ్‌కి మూడు రెట్లు బ్యాక్‌స్వింగ్‌కి. మంచి నంబరే. ఈలోపు రాత్రిళ్లు ఎడమ వైపు తిరిగి పడుకోలేకపోయా.

కారణం సింపుల్. యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ ఉండేది మణికట్టు మీద. అది ఎంత వేగంగా, ఎటు కదిలిందో చెప్తాయి, అంతే. భుజం మొరాయిస్తే నడుమో, మోచెయ్యో సర్దుకుంటుంది. స్కోర్ అలాగే ఉండొచ్చు.

కుడిచేతి వాటం వాళ్లకి ఎక్కువగా దెబ్బతినేది ఎడమ భుజం. బ్యాక్‌స్వింగ్ చివర్లో ఆ చెయ్యి ఛాతీ మీదుగా అడ్డంగా సాగుతుంది. అప్పుడు భుజం పైన నొప్పి వస్తే కాలర్ బోన్ చివరి జాయింట్‌ని అనుమానించాలి. చెయ్యి పైకెత్తినా, రాత్రి ఆ వైపు పడుకున్నా నొప్పి పెడితే రొటేటర్ కఫ్ కావొచ్చు. తేల్చాల్సింది డాక్టరే.

యాప్ కంపెనీలు ఇంకో గ్రాఫ్ ఇచ్చే ముందు, ఆట అయ్యాక "భుజం ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అప్పటిదాకా అది మనమే అడుక్కోవాలి.