చూసిపెట్టే కన్ను

పాత కారు మీద మనసు పడ్డవాళ్లకు దూరం ఒక లెక్క కాదు. హైదరాబాద్‌లో ఉన్నాయన కోల్‌కతాలో అమ్మకానికి పెట్టిన మార్క్ టూ అంబాసిడర్ ఫొటోలు చూసి నిద్ర మానుకుంటాడు. రాజమండ్రి కుర్రాడికి తన తాతగారు నడిపిన ఫియట్ లాంటిదే కోయంబత్తూరులో కనపడుతుంది. ఫోన్‌లోనే బేరం కుదురుతుంది, అడ్వాన్సు వెళ్తుంది, బండి లారీ ఎక్కుతుంది. ఇంటి ముందు దింపుకుని, గోనెపట్టా పరిచి కింద పడుకుని చూసినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. అప్పటికి సొమ్ము చేతులు మారిపోయి ఉంటుంది. తిప్పి పంపాలంటే లారీ కిరాయే తడిసి మోపెడవుతుంది.

ఇలాంటి కథ వినగానే మోసపోయాడని జాలిపడతాం. నిజానికి చాలాసార్లు ఇందులో మోసగాడు ఉండడు. ముప్పై ఏళ్లుగా షెడ్డులో ఉన్న బండి కింద ఏం జరిగిందో అమ్మే మనిషికీ తెలియకపోవచ్చు. ‘మంచి కండిషన్’ అని ఆయన చెప్పేది ఆయన నమ్మిన మాటే. ఆ నమ్మకానికీ కొనేవాడి మోజుకూ నడుమ వెళ్లి కళ్లతో చూసి, చేత్తో తట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మూడో మనిషి ఒకడుండాలి. లోటల్లా ఆ మనిషిదే. ఆ లోటుకు కారణం మనలోనే ఉంది. విప్పి బిగించినందుకు మేస్త్రికి అడిగినంత ఇస్తాం. చూసిపెట్టినందుకు డబ్బేమిటి అంటాం.

ఫొటోలో రంగు కనపడుతుంది, క్రోమియం మెరుపు కనపడుతుంది. పాత కారు ఖరీదు తేల్చే జాగాలు వేరు. అంబాసిడర్‌కు జీపులా విడిగా చాసిస్ ఉండదు, ఒంటి రేకే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పట్టీలు, కాళ్ల దగ్గరి ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ చుట్టూ ఉండే రేకు, బ్యాటరీ కింద యాసిడ్ కారిన చోటు తుప్పు పట్టాయంటే బండి బలమే పోయినట్టు. స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు. మద్రాసు శివార్లలో 1960లలో తయారైన ఆ బండికి చాసిస్ విడిగా ఉంటుంది, దాని నుంచి పక్కలకు వచ్చే ఇనుప చేతులు బాడీని పట్టుకుంటాయి. తుప్పు తినేది ముందు వాటినే. ముందుభాగం మొత్తం ఒక్కసారిగా పైకి లేచే ఆ అందమైన బానెట్‌ను ఎన్ని ఫొటోలు తీసినా ఆ చేతులు మాత్రం కనపడవు. ఇక బండి ఎక్కడ బతికిందన్నది మరో లెక్క. ముంబై, చెన్నై, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆరుబయట ఉన్న కారూ, అనంతపురంలో కప్పు కింద నిలిచిన కారూ ఒకే ఏడాదివైనా ఒకటి కావు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అంబాసిడర్ల మీదే చేయి తిరిగిన పెద్ద మేస్త్రి ఒకాయన బండి చూసే తీరు గమనిస్తే, చూడటం ఎంత పనో అర్థమవుతుంది. బెంగళూరులో ఉన్న కొనుగోలుదారు కోసం ఆయన ఇక్కడి బండి దగ్గరికి వచ్చాడనుకుందాం. “సెల్ఫ్ కొట్టమంటారా అండీ?” అని ఇంటివాళ్లు ఉత్సాహంగా తాళం అందుకుంటారు. “ఆగండి బాబూ, తొందరేం లేదు” అంటూ ఆయన ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. చల్లగా ఉందా? ఉంటేనే ఆ తర్వాతి పని. పొద్దున్నే ఒకసారి తిప్పి వేడెక్కించిన ఇంజన్ ఎవరికైనా వెంటనే స్టార్టవుతుంది. రాత్రంతా చల్లబడినది ఎలా అందుకుంటుందో అదే అసలు పరీక్ష.

ఆ తర్వాత కూడా ఇంజన్ జోలికి పోడు. కాళ్ల కింది రబ్బరు మ్యాట్ ఎత్తి బొటనవేలితో రేకు నొక్కుతాడు. గట్టిగా ఉంటే తలాడిస్తాడు, కరకరమంటే అక్కడే కూర్చుంటాడు. జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసి తలుపు అడుగుభాగం మీదా చక్రాల పైఅంచుల మీదా నెమ్మదిగా జరుపుతాడు. గుడ్డ ఎందుకంటే రంగుకు గీత పడకూడదని. రేకున్న చోట అది పట్టుకుంటుంది. పుట్టీ మందంగా పెట్టి నున్నగా రుద్దిన చోట జారిపోతుంది. టింకరింగ్ ఎక్కడ జరిగిందో, ఏ మూల దెబ్బ తిన్నదో ఆ జారిన జాగాలు చెబుతాయి. జాకీ వేయించి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. టకటకమని ఆడిందంటే గ్రీజు చూసిన దిక్కు లేదన్నమాట. ఇంజన్ ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూస్తాడు. మజ్జిగ రంగు నురుగు కనపడితే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానం. ఇవన్నీ అయ్యాక, అప్పుడు సెల్ఫ్. వెనక నిలబడి పొగ చూస్తాడు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని, ఇంజన్ బోరుకు రాబోతోందని అర్థం. చివరికి అరగంట నడిపి, వేడి ముల్లు ఎక్కడ నిలిచిందో, రెండో గేరు జారుతోందో లేదో, బ్రేకు పక్కకు లాగుతోందో లేదో చూసి గానీ దిగడు. టైర్ల గీతలు లోతుగా ఉన్నాయని మురిసిపోడు కూడా. పక్కన ముద్రించిన నాలుగంకెలు చదువుతాడు. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైన టైరు. గీతలు ఎంత కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదైపోయింది.

ఈ పని ఒక పూట పడుతుంది. ఆ పూటకు ఆయన షెడ్డు మూసుకుని రావాలి. దీనికి కూలీ అడగడం ఆయనకూ మొహమాటమే, ఇవ్వాలని మనకూ తోచదు. ‘టీ తాగి వెళ్లు మేస్త్రీ’ అంటాం. నాలుగైదు లక్షల వ్యవహారంలో ఏది కొనాలో ఏది వదలాలో చెప్పిన మనిషికి దక్కేది అది. పైగా అలా ఉచితంగా చూసిపెట్టిన మనిషి అవతలివాళ్ల దగ్గర కమీషన్ పుచ్చుకుంటే తప్పు ఆయన ఒక్కడిదే అనడం నాకు న్యాయంగా తోచదు. మనం ఇవ్వని కూలీని అమ్మేవాళ్లు ఇచ్చారు, అంతే కదా. అందుకే ముందే రేటు మాట్లాడుకోవాలి, రానుపోను ఖర్చులు కలిపి ఇవ్వాలి. బండి కొన్నా కొనకపోయినా ఆ సొమ్ము మారకూడదు. ‘బేరం కుదిరితే చూద్దాం’ అన్న షరతు పెట్టామంటే, కుదరాలని ఆయనకూ ఆశ పుట్టించినట్టే. వద్దని చెప్పడానికి కూడా డబ్బు వచ్చే మనిషే వద్దని చెప్పగలడు.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ ఏర్పాటు కొత్త కాదు. అక్కడ మంచుపడే రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కారు అడుగును తినేస్తుంది. అందుకే అరిజోనా లాంటి పొడి చోట్ల పెరిగిన పాత ముస్టాంగ్‌కు గిరాకీ ఎక్కువ. టెక్సాస్‌లో కూర్చుని ఒహాయోలో బండి కొనాలనుకున్నాయన ఆ ఊళ్లోని గరాజ్‌కు ఫీజు కట్టి పరీక్ష చేయిస్తాడు. అమ్మే ఆయనే బండిని అక్కడికి తీసుకెళ్లి నిలబెడతాడు. ఎవరూ నొచ్చుకోరు. అదే మనిషి హైదరాబాద్‌లో తండ్రిగారి జ్ఞాపకంగా ఒక ప్రీమియర్ పద్మిని కారు కొనిపెట్టాలనుకున్నప్పుడు మాత్రం బావమరిదిని వెళ్లి చూసి రమ్మంటాడు. బావమరిదికి కార్లు తెలుసా అన్నది వేరే మాట.

చూసే మనిషిని వెతకడంలో కూడా ఒక ఒడుపు కావాలి. అమ్మేవాళ్ల మేస్త్రి వద్దు, ఎంత మంచివాడైనా సరే. ఆయనకు రేపు కూడా వాళ్లతో పని ఉంటుంది. కొత్త కార్ల షోరూమ్‌లో కంప్యూటర్ తగిలించి చూసే కుర్రాడికి ఈ బండ్లలో తగిలించే చోటే దొరకదు. అదే ఊళ్లో అదే మోడల్ కారును ఇప్పటికీ నడుపుతున్న మనిషిని పట్టుకుని, ‘మీరు మీ బండి ఎవరికి చూపిస్తారు?’ అని అడగడం అన్నిటికన్నా సులువైన దారి. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది గానీ, ఆ టాక్సీలను నిలబెట్టిన చేతులు ఒక్కరోజులో పని మర్చిపోవు. దొరికాక ఆయనకు ఏం చూడాలో నాలుగు ముక్కలు రాసి పంపాలి. బాగుందా లేదా అని అడిగితే ‘పర్వాలేదు సార్’ అన్న జవాబే వస్తుంది. మొదటి ఏడాదిలో దీని మీద ఎంత పెట్టాల్సి వస్తుంది, ఏ సామాను దొరకదు, ఏ పని చేయించకుండా రోడ్డెక్కించకూడదు అని అడిగితే లెక్క తేలుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే వీడియో మధ్యలో ఆపకుండా ఒక్కటి తీయించుకుంటే చాలు, వంద ఫొటోల పెట్టు.

కాగితాల సంగతి మేస్త్రికి పూర్తిగా వదలకూడదు. ఆయన చేత చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద రుద్దించి ఫొటో పంపమనాలి. ఎన్నో పెట్రోలు అంబాసిడర్లలో తర్వాతి కాలంలో డీజిల్ ఇంజన్లు దింపారు. ఆర్సీలో ఆ మార్పు ఎక్కకపోతే రవాణా శాఖ కార్యాలయంలో పని అక్కడే ఆగుతుంది. మార్క్ ఫోర్ బండికి పాత గ్రిల్లు తగిలించి మార్క్ టూ అని చెప్పడమూ ఉంది. ఆర్సీలో తయారైన ఏడాది చూస్తే తెలిసిపోయేదాన్ని చాలామంది గ్రిల్లులో వెతుకుతారు. పాత పుస్తకం ఆర్సీల వివరాలు కొన్ని ఇంకా కంప్యూటర్‌కు ఎక్కలేదు. ఎక్కించాల్సింది అమ్మే రాష్ట్రంలోనే. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఐదేళ్లకోసారి పొడిగింపు. అది ఎక్కడ ఆగిందో చూడాలి. వేరే రాష్ట్రం నుంచి తెస్తే అక్కడి నిరభ్యంతర పత్రం కావాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని వాహనం వింటేజ్ కింద నమోదు కావచ్చు. రోజువారీ వాడకానికి మాత్రం అది పనికిరాదు. వింటేజ్ నమోదు ఆశతో కొనేవాళ్లకు ఇంజన్ అసలుదా కాదా అన్న ప్రశ్న ముచ్చట కోసం కాదు, చట్టం అడిగే ప్రశ్నే.

ఇంత చెప్పాక అమ్మేవాళ్ల వైపు కూడా ఒక్క క్షణం నిలబడాలి. చాలా ఇళ్లలో ఆ కారు పోయిన తండ్రిది. ఆదివారాలు ఆయన స్వయంగా తుడుచుకున్న బండి కింద ఎవరో అపరిచితుడు టార్చి పట్టుకుని దూరితే ఆ ఇంటి ఇల్లాలికి ఎలా ఉంటుంది? అందుకే ఎవరొస్తున్నారో, ఏం చూస్తారో, ఎంతసేపు పడుతుందో ముందే ఫోన్ చేసి చెప్పడం మర్యాద. వెలుగున్నప్పుడు, వాళ్లకు వీలైన వేళే వెళ్లాలి. కనపడిన లోపాలను వాళ్ల ఎదుట ఏకరువు పెట్టి బండిని చిన్నబుచ్చాల్సిన పని లేదు. మంచి మేస్త్రులు అలా చేయరు. చూసింది చూసినట్టు పంపినవాళ్లకు చెబుతారు, ఇంటివాళ్లకు దండం పెట్టి వస్తారు. బేరం తగ్గించుకోవాలంటే లెక్క చూపించి అడగవచ్చు. నిజాయితీగా అమ్మేవాళ్లకు ఈ పరీక్ష వల్ల మేలే జరుగుతుంది. రేపు దారిలో ఏదైనా విరిగితే ముందే చెప్పలేదన్న మాట వాళ్ల మీదికి రాదు.

పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు కూడా తగులుతాడు. ‘ఇంకో పార్టీ ఉంది, సాయంత్రంలోగా టోకెన్ వెయ్యండి’ అంటాడు. అలాంటప్పుడు ఎంత మక్కువ ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీ నుంచి 2014 దాకా అంబాసిడర్లు వచ్చాయి. వాటిలో ఇంకా నడుస్తున్నవి మన కళ్ల ముందే ఉన్నాయి. ఇది కాకపోతే మరొకటి కనపడుతుంది.

తొందరపడాల్సిన విషయం ఇంకొకటుంది. కార్బురేటర్ శబ్దం విని జెట్ మూసుకుపోయిందని చెప్పగల చెవులు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందును సరిచేయగల వేళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఆ మేస్త్రుల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు, వచ్చినా ఈ బండ్లు నేర్చుకోవడం లేదు. నేర్చుకుంటే ఏం వస్తుంది మరి? హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో పాత కార్ల మీద ప్రేమతో ఒకచోట చేరేవాళ్లు ఉన్నారు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్టే శ్రద్ధలో కొంత ఇటు మళ్లించి, ఏ ఊళ్లో ఏ మోడల్ ఎవరికి బాగా తెలుసో ఒక జాబితా రాసుకోవాలి. పూటకు ఇంత అని రేటు అందరికీ తెలిసేలా నిర్ణయించాలి. చూడటానికి వెళ్లే ప్రతి పెద్ద మేస్త్రి వెంట ఒక కుర్రాడు కూడా వెళ్లాలి, అయస్కాంతం పట్టుకోవడానికైనా సరే. ఆ కుర్రాడి కూలీ కూడా కొనేవాళ్లే ఇవ్వాలి.