చదవడం వచ్చాకే కలిసి చదవాలి

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉన్నాయి, విదేశాల్లోని తెలుగువారిలోనూ ఉన్నాయి. వీరిలో చాలామంది పాఠ్యపుస్తకాల కంటే కథల పుస్తకాలను ఎక్కువగా నమ్ముకుంటారు. మరి పేరుపడ్డ బాలసాహిత్యాన్ని పిల్లలకు చదివి వినిపించాలా, వాళ్లంతట వాళ్లను చదువుకోనివ్వాలా? దీన్ని ఎవరూ కూర్చుని తేల్చుకోరు, జవాబు దానంతటదే స్థిరపడిపోతుంది. పిల్లలు కూడబలుక్కుని చదివే వయసులో అమ్మో నాన్నో పక్కన కూర్చుంటారు. ఏడెనిమిదేళ్లకు గడగడా చదవడం రాగానే ‘ఇక నువ్వే చదువుకో’ అని పుస్తకం చేతిలో పెట్టి లేచిపోతారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. గొప్ప పుస్తకాలను కలిసి చదవాల్సిన కాలం అప్పుడే మొదలవుతుంది.

గడగడా చదవడం వేరు, చదివింది బోధపడటం వేరు. అక్షరాలను మాటలుగా పలకగలగడం, ఆ భాషను విని అర్థం చేసుకోగలగడం, ఈ రెండూ కలిస్తేనే చదువు అవుతుందని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో సూత్రీకరించారు. తెలుగులో అక్షరాలన్నీ వచ్చాక మొదటిది తేలికే. మన లిపిలో రాసినట్టే పలుకుతాం కనుక, గుణింతాలూ ఒత్తులూ వచ్చిన పిల్లవాడు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ను కూడా తడబడకుండా చదివేయగలడు. అందులో ఒక్క వాక్యం తలకెక్కకపోయినా పక్క గదిలో ఉన్న తల్లికి ఆ సంగతి తెలియదు. పైగా పుస్తకంలోని మాటలు ఇంట్లో మాట్లాడుకునే మాటలు కావు. ఇంగ్లిష్ మీద హేస్, ఆరెన్స్ 1988లో వేసిన లెక్క ప్రకారం, పిల్లల పుస్తకాల్లో వెయ్యి మాటలకు దాదాపు 31 అరుదైన మాటలు ఉంటే, కాలేజీ చదువులు చదివిన పెద్దల కబుర్లలో 17 మాత్రమే ఉన్నాయి. అలాంటి మాటలకు చెవి ముందు అలవాటు పడితే కన్ను తర్వాత అందుకుంటుంది. చదివి వినిపించడాన్ని పై తరగతుల్లోనూ కొనసాగించాలని అమెరికాలో పఠనంపై నియమించిన కమిషన్ 1985లో సిఫారసు చేసింది కూడా.

మాటలు ఒక ఎత్తు, భావం ఒక ఎత్తు. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’నే తీసుకుందాం. నండూరి రామమోహనరావు దీన్ని తెలుగు పిల్లలకు అందించారు. పారిపోయిన బానిస జిమ్‌కు సాయపడటమంటే యజమానురాలి సొత్తు దొంగిలించడమేనని, అది పాపమని నమ్మేలా పెరిగాడు హక్. 31వ అధ్యాయంలో జిమ్ ఆచూకీ తెలుపుతూ ఆమెకు ఉత్తరం రాస్తాడు. పాపం కడిగేసుకున్నంత తేలికపడతాడు. అంతలో తెప్ప మీద గడిపిన రాత్రులు గుర్తొస్తాయి. హక్ నిద్ర చెడకూడదని జిమ్ తన వంతు కాపలాతో పాటు అతని వంతు కూడా కాయడం గుర్తొస్తుంది. నరకానికి పోయినా సరేననుకుని ఉత్తరం చింపేస్తాడు. ఇక్కడ కథ చెబుతున్న కుర్రాడు తాను చెడిపోయాననుకుంటున్నాడు. రచయిత మాత్రం మనిషిగా అతని గొప్పతనమంతా ఇక్కడే చూపిస్తున్నాడు. పదకొండేళ్ల పిల్ల ఒంటరిగా చదివితే ఆ మాటను పైకి కనిపించిన అర్థంలోనే తీసుకోవచ్చు, లేదా జిమ్ ఏమయ్యాడోనన్న ఆత్రంలో పేజీ తిప్పేయవచ్చు. పెద్దవాళ్లు చదువుతుంటే అక్కడ గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది. ‘సాయం చేస్తే తప్పెలా అవుతుంది?’ అనే ప్రశ్న పుడుతుంది. నల్లజాతివారిని ఈసడించే మాట ఆ నవలలో అడుగడుగునా వస్తుంది. దాని చరిత్ర విప్పి చెప్పే మనిషి పక్కన లేకుండా ఆ పుస్తకాన్ని పిల్లల చేతికివ్వడం న్యాయం కాదు. బడిలో అయితే కనీసం తోటి పిల్లలతో వాదించుకునే వీలుంటుంది. ఇంటి చదువులో ఆ అవకాశం తక్కువ, కనుక తోటి పాఠకుల పాత్ర తల్లిదండ్రులే తీసుకోవాలి.

ఇలా మధ్యలో ఆగి మాట్లాడుకునే ఏర్పాటు ‘చందమామ’ బేతాళ కథల నిర్మాణంలోనే ఉంది. శవంలోని బేతాళుడు కథంతా చెప్పి, చివర్లో ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. ఒంటరిగా చదివే కళ్లు విక్రమార్కుడి జవాబు కోసం కింది పేరాకు పరుగెడతాయి. ఇద్దరు కలిసి చదివితే ప్రశ్న దగ్గర పుస్తకం మూయొచ్చు. పిల్లవాడు తన తీర్పు చెప్పాకే విక్రమార్కుడి తీర్పు వినొచ్చు, అది నచ్చకపోతే కాదనొచ్చు.

ఇలా చేస్తే పిల్లలు సొంతంగా చదవడం మానేసి పెద్దల మీద ఆధారపడతారని కొందరి భయం. కానీ విద్యావేత్త గిజూభాయి రాసిన ‘పగటికల’లో ఉపాధ్యాయుడు కథలు చెప్పడంతోనే మొదలుపెడతాడు. ఆ రుచి మరిగిన పిల్లలే తర్వాత కథల పుస్తకాల మీద పడతారు. అంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇంట్లోనే చదివే పిల్లలకు ఎటు చూసినా తల్లిదండ్రుల అభిప్రాయాలే ఎదురవుతాయి, పుస్తకంతో ఏకాంతం ఒక్కటే వాళ్లకు బయటి ద్వారం, దాన్నీ మనం ఆక్రమించుకుంటే ఎలా? ఈ మాటను నేను కొట్టిపారేయలేను. అందుకే రెండు హద్దులుండాలి. పిల్లలు తమంతట తాము ఎంచుకున్న పుస్తకాల జోలికి పెద్దలు పోకూడదు. అవి కామిక్సే కానీ, ముచ్చటగా పదోసారి చదువుతున్న ‘బుడుగు’ కానీ, వాటి మీద ప్రశ్నలు వేయకూడదు. ఇక కలిసి చదివేటప్పుడు ఉపన్యాసాలు ఉండకూడదు. ఇంటి చదువుల వారు తరచూ తలచుకునే ఇంగ్లండ్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పద్ధతిలో, ఒకసారి చదివాక పిల్లలే విన్నది తిరిగి చెబుతారు, మధ్యలో పెద్దలు వ్యాఖ్యానాలు చేయరు. పిల్లల నోట ఆ కథ ఎలా వచ్చిందో వింటే ఏది అందిందో ఏది అందలేదో తెలిసిపోతుంది, వేరే పరీక్ష అక్కర్లేదు.

తీరిక లేదనేది అందరూ చెప్పే మాట. రోజుకు అరగంట చాలు, ఇద్దరు ముగ్గురు పిల్లలున్నా ఒకే పుస్తకం చుట్టూ కూర్చోవచ్చు. విదేశాల్లో పెరిగి తెలుగు చదవడం అంతగా రాని తల్లిదండ్రులకు మొహమాటం ఉంటుంది. అమ్మమ్మో తాతయ్యో వీడియో కాల్‌లో చదివితే పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని అనుసరించవచ్చు. అదీ కుదరకపోతే తల్లీ బిడ్డా కలిసి తడబడుతూనే చదవొచ్చు, తెలియని మాట దగ్గర ఇద్దరూ నిఘంటువు తీయొచ్చు. ఆ అరగంట నెమ్మదిగా సాగినా తొందరపెట్టే గంట ఏదీ ఇంట్లో మోగదు, అలాంటి వెసులుబాటు కోసమే ఈ కుటుంబాలు బడిని వదులుకున్నాయి.